చలికాలంలో ఫ్లాట్: ఏడ్చే కిటికీ అద్దాలు, ఆరని బట్టలు, రెండు గంటల ఎండ – ముందు ఏది సరిచేయాలి?

#1 తూర్పుకిటికీ

నాలుగో అంతస్తు, రెండు పడకగదులు, సుమారు 70 చదరపు మీటర్లు, ఉండేది నలుగురం. కిటికీలు స్లైడింగ్, ఒంటి అద్దం. తెల్లవారుజామున బయట 10 డిగ్రీలు, లోపల 21. పడకగదిలో తేమ మీటరు పొద్దున్నే 72% చూపిస్తోంది. అద్దాల మీద నీళ్ళు కారి ఫ్రేములో నిలుస్తున్నాయి. ఉత్తరం గోడకు ఆనించిన బీరువా వెనక నల్లటి చుక్కలు. బట్టలు లోపలే ఆరేస్తాం, రెండో రోజుకీ పూర్తిగా ఆరవు. ఎండ తూర్పు కిటికీలోంచి పొద్దున రెండు గంటలే.

హీటర్ కొనాలా, తేమ లాగే యంత్రం కొనాలా, సందులకు టేపులు వేయాలా? చిన్న బాల్కనీ ఉంది, ఈ కాలంలో అందులో ఏమైనా పండుతాయా అన్నదీ చెప్పండి.

#2 గోడనాడి

ఏదీ కొనకండి ఇప్పుడే. మీరిచ్చిన అంకెల్లోనే జవాబుంది.

21 డిగ్రీల్లో 72% తేమ ఉన్న గాలి 16 డిగ్రీల దగ్గర దేన్ని తాకినా నీళ్ళవుతుంది. బయట 10, లోపల 21 ఉన్నప్పుడు ఒంటి అద్దం లోపలి ముఖం 13 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంటే అద్దం కారక తప్పదు. బీరువా వెనక గోడదీ అదే కథ. అక్కడ గాలి ఆడదు కాబట్టి గది వెచ్చదనం గోడకు చేరదు, గోడ చల్లగానే ఉండిపోతుంది. బూజు పట్టాలంటే నీళ్ళు కారక్కర్లేదు. గోడను అంటుకుని ఉన్న గాలిలో తేమ 80% దాటి రోజుల తరబడి ఉంటే చాలు.

గది తేమ 60% కిందికి దిగితే మీ అద్దం కారడం ఆగిపోతుంది. 50కి తెస్తే బీరువా వెనక కూడా ఊపిరాడుతుంది. అందుకు ఖర్చులేని మార్గం బయటి గాలే.

పొద్దున లేవగానే ఎదురెదురు కిటికీలు రెండూ బార్లా తెరిచి 7 నుంచి 10 నిమిషాలు ఉంచండి. మధ్య తలుపులన్నీ తీసి ఉండాలి. తర్వాత మూసేయండి. సాయంత్రం వంట అయ్యాక ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి. ఒక కిటికీని రోజంతా రెండంగుళాలు తీసి ఉంచడం మాత్రం వద్దు. ఆ కిటికీ చుట్టూ గోడ చల్లబడుతుంది, గాలి మాత్రం సరిగా మారదు. బూజు మొదట పట్టేదీ అక్కడే.

#3 మూడోఅంతస్తు

బయట పొద్దున్నే పొగమంచు, తేమ 90 పైన. ఆ గాలిని లోపలికి పిలిస్తే ఇల్లు ఇంకా తడవదా? లెక్క తలకిందులుగా ఉందండి మీది.

#4 గోడనాడి

అందరికీ వచ్చే అనుమానమే. శాతం చూసి మోసపోవద్దు, గ్రాములు చూడండి.

10 డిగ్రీల గాలి, పొగమంచుతో నూటికి నూరు శాతం నిండి ఉన్నా, ఘనమీటరుకు 9.4 గ్రాముల నీటి ఆవిరినే మోయగలదు. 21 డిగ్రీల గాలి 18.3 గ్రాములు మోస్తుంది. ఆ 10 డిగ్రీల గాలి లోపలికొచ్చి 21కి వేడెక్కితే దాని తేమ 49% అవుతుంది. బయట 85% ఉన్న రోజైతే 42 చిల్లర. మీ గదిలో ఇప్పుడున్నది 72. ఏది పొడి గాలో మీరే చెప్పండి.

70 చదరపు మీటర్ల ఇంట్లో గాలి సుమారు 200 ఘనమీటర్లు. ఒక్కసారి మొత్తం మారితే లీటరు నీళ్ళు బయటికి పోయినట్టు. దాంతో పోయే వేడి ముప్పావు యూనిట్ కరెంటు పాటి. గోడలు, సామాను వెచ్చగానే ఉంటాయి కాబట్టి మూసిన పావుగంటకు గది మళ్ళీ తేరుకుంటుంది. గంటసేపు తెరిచి పెడితే గోడలూ చల్లబడతాయి, అప్పుడే నష్టం.

రెండు గంటల తర్వాత మీటరు మళ్ళీ పైకి పాకుతుంది, కంగారు పడొద్దు. పరుపులు, సోఫా, పుస్తకాలు, గోడ సున్నం అన్నీ దాచుకున్న తేమను వదులుతుంటాయి. వారం పదిరోజులు పట్టుదలగా చేస్తేగానీ ఇల్లు లోలోపల ఆరదు.

ఈ సూత్రం పనిచేయని చోటు ఒకటుంది. బయట 24 డిగ్రీలు, తేమ 85% ఉండే వెచ్చటి చలికాలాల్లో బయటి గాలే 18 గ్రాములు మోస్తుంది. అక్కడ కిటికీ తెరిస్తే ఒరిగేదేమీ లేదు. యంత్రమే దిక్కు.

#5 లక్స్‌మీటర్

గోడనాడి గారి మాటకు ఒక సవరణ: పొద్దున్నే అన్నది అన్నిచోట్లా కుదరదు. పెద్ద నగరాల్లో చలికాలం రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. పొగ, దుమ్ము పైకి పోలేక కిందే పేరుకుంటాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కితేనే ఆ మూత లేస్తుంది. పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే సన్నటి ధూళి) ఎక్కువగా ఉండే నగరంలో పెద్ద గాలిమార్పు మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య పెట్టుకోండి. పొద్దున పడకగది ఒక్కటే ఐదు నిమిషాలు తెరిచి మూసేయండి.

గాలి శుభ్రం చేసే యంత్రం కొనేవాళ్ళు పెట్టె మీద 'ఇన్ని చదరపు అడుగులకు' అన్నది చూడకుండా సీఏడీఆర్ అంకె, అంటే యంత్రం గంటకు ఇచ్చే శుభ్రమైన గాలి ఎంతో చూడండి. గది ఘనపరిమాణాన్ని 5తో గుణించండి. 12 చదరపు మీటర్ల గది, 3 మీటర్ల ఎత్తు అయితే 36 ఇంటూ 5, అంటే గంటకు 180 ఘనమీటర్లు. ఆ అంకె ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉన్నప్పటిది. రాత్రి నిద్ర మోడ్‌లో అందులో సగం కూడా రాదు, అందుకే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. ఇంకోటి, ఆ యంత్రం దుమ్ము పడుతుందే కానీ తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ తీయదు. అది ఉంది కదా అని కిటికీలు మూసుకు కూర్చుంటే తలనొప్పి మిగులుతుంది.

#6 దారంపోగు

ఆ లీటర్ల కొద్దీ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కూడా చూడాలి కదా. నిద్రపోతున్న ఇద్దరు మనుషులు 8 గంటల్లో అర లీటరు పైనే వదులుతారు. ఒక కిలో వంటగ్యాస్ కాలితే ఒకటిన్నర కిలోల పైచిలుకు నీటి ఆవిరి పుడుతుంది, గిన్నెలో ఉడికేదాని ఆవిరి కాక. ఇంట్లో ఆరేసే బట్టలు మాత్రం అన్నిటినీ మించిపోతాయి.

5 కిలోల పొడి బట్టలు 1200 చుట్ల స్పిన్ తర్వాత కూడా దాదాపు రెండున్నర లీటర్లు పట్టుకుని ఉంటాయి. 800 చుట్లయితే మూడు లీటర్లు దాటుతుంది. అది మొత్తం మీ గదిలోకే. అందుకని:

ఉతకడం అయ్యాక స్పిన్ ఒక్కటే ఇంకోసారి తిప్పండి. మెషీన్ ఆ రెండో విడతకు తినే కరెంటు చాలా తక్కువ, గ్లాసుల కొద్దీ నీళ్ళు దిగుతాయి. స్వెటర్లూ ఉన్నివీ మాత్రం ఇందులో పడేయకండి, ముద్దవుతాయి. వాటిని పొడి తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరేయాలి.

ఆరేసే గది ఒకటే పెట్టుకోండి, పడకగది కాకుండా. ఎగ్జాస్ట్ ఉన్న బాత్‌రూమ్ అన్నిటికన్నా మేలు. తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేసి, కింద సందు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండేట్టు చూడండి. సందు లేకపోతే ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలి కదలదు. టిష్యూ కాగితం ఫ్యాన్ జాలీకి ఆనిస్తే అంటుకుని నిలబడాలి. జారిపడితే రెక్కలూ జాలీ కడగాల్సిందే.

బట్టకూ బట్టకూ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. టేబుల్ ఫ్యాన్ పైనుంచి కాక పక్కనుంచి, తీగె పొడుగునా వీచేలా. చొక్కాలు హ్యాంగర్‌కి, ప్యాంట్లు నడుము దగ్గర తెరిచి రెండు క్లిప్పులతో గొట్టంలా. ముక్కవాసన వస్తోందంటే ఆరడం బాగా ఆలస్యమై బాక్టీరియా పెరిగిందన్నమాట. సెంటు వాసన లిక్విడ్లు దాన్ని కప్పుతాయి, పోగొట్టవు. తువ్వాళ్ళు, దిండు గలీబులు 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితేనే పోతుంది.

చల్లటి బట్ట చేతికి తడిగా అనిపిస్తుంది. ఆరిందో లేదో కుట్లు, జేబులు పట్టి చూడండి.

#7 తూర్పుకిటికీ

ఇదంతా సరే. హీటర్ వేస్తే తేమ పోదా? పక్క ఫ్లాట్ వాళ్ళు అలాగే అంటున్నారు.

#8 ఆంపియర్

పోదు. శాతం తగ్గుతుంది, నీళ్ళు అక్కడే ఉంటాయి. హీటర్ ఆపిన గంటకు అవే నీళ్ళు అద్దం మీద. వేడి చేసి గాలి మార్చితేనే ఫలితం.

'హీటర్ ఆక్సిజన్ తినేస్తుంది' అన్నది కూడా కరెంటు హీటర్ల విషయంలో వట్టి మాట. గొంతు ఎండేది తేమ శాతం పడిపోయినందుకు.

హీటర్ల మీద నా మాట: ఫ్యాన్‌ది, హాలోజెన్, ఆయిల్ నింపినది, ఏది కొన్నా 1000 వాట్లు లాగితే 1000 వాట్ల వేడే వస్తుంది. 'తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి' అని రాసి ఉన్న పెట్టెను నమ్మకండి. తేడా వేడిని పంచే తీరులోనే. ఒకే చోట కూర్చుని పనిచేసేవాళ్ళకు హాలోజెన్ లాంటిది ఒంటినే వేడి చేస్తుంది. రాత్రంతా కావాలంటే ఆయిల్‌ది, చప్పుడుండదు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. పది నిమిషాల పనికి ఫ్యాన్‌ది. నిజంగా తక్కువ తినేది వేడి గాలి ఇచ్చే ఏసీ. అది వేడిని పుట్టించదు, బయటినుంచి మోసుకొస్తుంది. మరీ గడ్డకట్టే చలి కాకపోతే ఒక యూనిట్‌కి సుమారు మూడు యూనిట్ల వేడి. మీ ఏసీ రిమోట్‌లో సూర్యుడి బొమ్మ ఉందేమో చూసుకోండి. ఉందని తెలియని ఇళ్ళు చాలానే.

వైరింగ్: 2000 వాట్లు 230 వోల్టుల లైన్‌లో 8.7 ఆంపియర్లు లాగుతుంది. గంటల తరబడి అంత లాగే వస్తువును సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకూడదు, పెద్ద సాకెట్‌కే నేరుగా పెట్టాలి. చుట్ట చుట్టి ఉన్న తీగె లోపల వేడి బయటికి పోలేక ప్లాస్టిక్ కరుగుతుంది. అరగంట తర్వాత ప్లగ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చన పర్వాలేదు. పట్టుకోలేనంత ఉంటే ఆపి సాకెట్ మార్పించండి, లోపల స్క్రూ వదులైందన్నమాట. పరదా, పరుపు, దుప్పటి మీటరు దూరం. హీటర్ మీద బట్టలు ఆరేయడం సంగతి వేరే చెప్పాలా?

#9 మోడరేటర్

ఈ ఒక్క విషయం అందరూ చదవాలి. కుంపటి, బొగ్గులు, గ్యాస్ హీటర్, వెలిగించి వదిలేసిన గ్యాస్ పొయ్యి, వీటిలో ఏదీ మూసిన గదిలో చలి కాచుకోవడానికి వాడకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిప్పు ఆరిపోతున్నట్టు కనిపించే బొగ్గు ఇంకా ఎక్కువ వదులుతుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు మెలకువ రాదు. గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల బిగించి ఉంటే దాన్ని బయటికి మార్పించండి. అంతవరకూ వెంటిలేటర్ మూయొద్దు, అక్కడ సందులకు టేపు వేయొద్దు. తలనొప్పి, వికారం ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికెళ్తే తగ్గుతుంటే అదే అనుమానించండి: వెంటనే అందరూ బయటికి రండి, అత్యవసర సేవలకు ఫోన్ చేయండి. నిప్పుతో పనిచేసే హీటరో గీజరో ఉన్న ఇంట్లో సీఓ అలారం ఉండాల్సిందే.

#10 మూడోఅంతస్తు

గ్రాముల లెక్కకు ఒప్పుకున్నా. మరి గాలి మార్చాలంటే, తూర్పుకిటికీ గారు అడిగినట్టు సందులకు టేపు వేయడమెందుకు? రెండూ ఎదురుబొదురు పనులు కదా.

#11 గోడనాడి

సందు మీ మాట వినదు, కిటికీ వింటుంది. గాలి వేసిన రాత్రి సందులోంచి అక్కర్లేనంత వస్తుంది, గాలి లేని రాత్రి అసలు రాదు. తలుపు కింద 1 సెంటీమీటరు సందు 90 సెంటీమీటర్ల పొడవు ఉందంటే అరచేతంత రంధ్రం రాత్రంతా తెరిచి ఉంచినట్టు. దాన్ని మూసి, మీకు కావలసినప్పుడు కిటికీ తెరవండి.

ఎక్కడ కారుతోందో తెలియాలంటే గాలి వీచే రోజున ఫ్యాన్లన్నీ ఆపి, ఎగ్జాస్ట్ వేసి, అగరుబత్తి పొగను ఫ్రేముల వెంట నడిపించండి. పరదాలు దూరంగా కట్టేసి.

స్లైడింగ్ కిటికీకి ఫోమ్ టేపు వేయకండి. అందరూ చేసే తప్పు ఇదే. తలుపు జరిగేటప్పుడు టేపు నలిగి, ఊడి, పట్టాలో ఇరుక్కుంటుంది. దానికి బ్రష్ లాంటి కుచ్చు పట్టీ ఉంటుంది, ఫ్రేము గాడిలోకి జారుతుంది. పాతది అరిగిపోతే గాడి వెడల్పు, కుచ్చు ఎత్తు మిల్లీమీటర్లలో కొలిచి అదే సైజు తెచ్చుకోవాలి. ఎత్తు తక్కువైతే గాలి ఆగదు, ఎక్కువైతే కిటికీ కదలదు. కింది పట్టాకు బయటివైపు నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మాత్రం మూయొద్దు. అసలు మీ ఫ్రేములో నీళ్ళు నిలుస్తున్నాయంటే అవి మట్టితో పూడిపోయి ఉండొచ్చు. పుల్లతో గుచ్చి ఒక గ్లాసు నీళ్ళు పోసి చూడండి, బయటికి కారాలి.

రెక్క కిటికీలకు ఫోమ్ టేపు లేదా రబ్బరు పట్టీ. ఎంత మందం? పిల్లలు ఆడుకునే రంగు మట్టిని చిన్న ఉండ చేసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ఫ్రేములో పెట్టి కిటికీ మూసి తెరవండి. నలిగాక మిగిలిన మందమే సందు. దానికి రెట్టింపు మందం ఫోమ్ తీసుకుంటే సగానికి నొక్కుకుని కూర్చుంటుంది. ఫ్రేమును స్పిరిట్‌తో తుడిచి, మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు అతికించండి. చల్లటి తడి ఫ్రేము మీద అతికించింది వారంలో వేలాడుతుంది.

అద్దానికి చవకగా: అద్దం మీద నీళ్ళు చిలకరించి, బుడగల ప్యాకింగ్ కాగితాన్ని బుడగలు అద్దం వైపు ఉండేలా అంటించండి. జిగురు అక్కర్లేదు. చూపు మసకబారుతుంది, వెలుతురు వస్తుంది. ఉత్తరం కిటికీకి సరిపోతుంది, తూర్పుదానికి వద్దు, ఆ రెండు గంటల ఎండ మీకు ముఖ్యం.

మందపాటి పరదాలు రాత్రి మూస్తే గది వెచ్చన, అద్దం ఇంకా చల్లన. అందుకే పరదా వేసిన ఇంట్లో అద్దం ఎక్కువ కారుతుంది. పరదా మానక్కర్లేదు. పొద్దున తీసి, అద్దం తుడిచి, ఆ గుడ్డను బయట పిండండి. గుడ్డను లోపలే ఆరేస్తే తుడిచిన నీళ్ళు మళ్ళీ గాల్లోకే.

#12 తూర్పుకిటికీ

బీరువా వెనక నల్ల చుక్కలు? రంగు వేసేస్తే సరిపోతుందా?

#13 గోడనాడి

రంగు వేస్తే కొత్త రంగును తోసుకుని మళ్ళీ వస్తుంది. ముందు అది గదిలోని చెమ్మా, గోడలోంచి ఊరే చెమ్మా తేల్చుకోండి. గోడ తుడిచి ఆరబెట్టి, అడుగు చదరపు అల్యూమినియం రేకు కాగితం నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. గదివైపు ముఖం తడిస్తే గది చెమ్మ. తీసి చూస్తే గోడవైపు తడిస్తే నీళ్ళు గోడలోంచి వస్తున్నాయి. అప్పుడు నేను ఇంతసేపూ చెప్పింది ఆ గోడకు పనికిరాదు.

గది చెమ్మే అయితే: బీరువా పది సెంటీమీటర్లు ముందుకు. చదరపు మీటరు లోపు బూజును మీరే తీయొచ్చు. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, కిటికీ తెరిచి, గది తలుపు మూసి. పొడిగా గీకొద్దు, బీజాలు ఇల్లంతా ఎగురుతాయి. సబ్బునీళ్ళతో తడిపి తుడవండి, గుడ్డలు పారేయండి. టైల్స్ లాంటి నునుపు చోట్లకు బ్లీచ్ పలచగా, నాలుగు లీటర్ల నీళ్ళకు ఒక కప్పు మించకుండా. బ్లీచ్‌లో వెనిగర్, టాయిలెట్ క్లీనర్, అమోనియా ఉన్నవేవీ కలపకూడదు. విషవాయువు వస్తుంది. సున్నం గోడ పూర్తిగా ఆరిందని తేలాకే రంగు.

#14 ఉన్నిదుప్పటి

మాకు దీనికి పూర్తిగా తిరగబడిన సమస్య. భవనం మొత్తానికి వేడి పైపులు, బయట సున్నా కన్నా కింద, లోపల 24, తేమ 25%. ముక్కు, పెదవులు పగులుతున్నాయి, చెక్క సామాను బీటలు. ఈ చర్చ మాకేమైనా పనికొస్తుందా?

#15 లక్స్‌మీటర్

వస్తుంది, గుర్తు తిప్పి చదువుకోండి. ముందు వేడి 20, 21కి దించండి. అదే గాలి 24లో 25% ఉంటే 20లో 32% అవుతుంది, ఏమీ కొనకుండానే. బట్టలు లోపల ఆరేయడం మీకు మందు. తేమ పెంచే యంత్రం పెడితే 40% దగ్గర ఆపండి. బయట మరీ చలిగా ఉంటే 35 చాలు, లేదంటే మీ కిటికీలూ ఏడవడం మొదలెడతాయి. అల్ట్రాసానిక్ రకంలో కుళాయి నీళ్ళు పోస్తే నీళ్ళలోని లవణాలు తెల్లటి పొడిలా సామాను మీద, ఊపిరితిత్తుల్లో పడతాయి, డిస్టిల్డ్ నీళ్ళే పోయాలి. తడి ఫిల్టరు మీదుగా గాలి వీచే రకానికి ఆ బెడద లేదు. ఏదైనా రెండు మూడు రోజులకోసారి తొట్టి కడగాలి.

#16 దారంపోగు

పడక గురించి ఎవరూ ఎత్తలేదు. గదిని వేడి చేయడం కన్నా మంచాన్ని వేడి చేయడం చాలా తేలిక. 1500 వాట్ల హీటర్ 6 గంటలకు 9 యూనిట్లు. 60 వాట్ల కరెంటు దుప్పటి 8 గంటలకు అర యూనిట్ లోపు. దాన్ని మడతపెట్టకూడదు, మీద బరువులు పెట్టకూడదు, తీగె మడత దగ్గర తెగితే నిప్పు. చిన్నపిల్లలకు, వేడి తెలియని షుగర్ రోగులకు వద్దు.

పైన రెండు రగ్గులు కప్పుకుని కింద పలచటి పరుపేసుకుంటే వీపు చల్లబడుతూనే ఉంటుంది. ఒంటి బరువుకు కింది దూది నలిగి గాలి పోతుంది. ఒక బొంత కిందికి వేయండి. పైన ఒక మందపాటిదాని కన్నా పలచటివి రెండు మేలు, మధ్యలో గాలి పొర ఉంటుంది. వేడినీళ్ళ సంచిలో మరిగే నీళ్ళు పోయకండి. మూడింట రెండొంతులు నింపి, గాలి నొక్కి తీసి, మూత బిగించి, గుడ్డ తొడిగి, పడుకునే పావుగంట ముందు కాళ్ళ దగ్గర.

పొద్దున లేవగానే దుప్పట్లు మడిచి సర్దేయడం మంచి అలవాటని చెబుతారు. చలికాలంలో అది పొరపాటు. రాత్రి చెమ్మంతా లోపల బందీ అవుతుంది, దుమ్ముపురుగులకు కావలసింది అదే. దుప్పటి వెనక్కి తిప్పి అరగంట వదిలేయండి, గోడనాడి గారు చెప్పిన గాలిమార్పు అప్పుడే జరిగిపోతుంది. మీ తూర్పు కిటికీ ఎండ పడే చోట ఒక్కో రోజు ఒక్కో దిండు, పరుపు అంచు పెట్టండి.

#17 లక్స్‌మీటర్

ఆ ఎండ గురించే. శీతాకాలపు సూర్యుడు కిందుగా నడుస్తాడు, అందుకే ఎండ గదిలోకి లోతుగా వస్తుంది. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు ఎంతంటే, 90 లోంచి మీ అక్షాంశం తీసి, ఇంకో 23.5 తీసేయండి. పై అంచు నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణం కిటికీ నుంచి సూర్యుడు 45 డిగ్రీల్లో ఉంటే ఎండ 2.1 మీటర్లు లోపలికి, 30లో ఉంటే 3.6 మీటర్లు లోపలికి పడుతుంది. కూర్చునే కుర్చీ, చదువుకునే బల్ల ఈ రెండు నెలలకు అక్కడికి జరపండి. దక్షిణార్ధగోళంలో ఉత్తరం కిటికీ, జూన్ 21.

మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వేల లక్స్‌ల వెలుతురు ఉంటుంది, గదిలో దీపాల కింద 100 నుంచి 500. ఒంట్లోని నిద్ర, మెలకువల గడియారాన్ని నడిపేది ఆ వెలుతురు. కాబట్టి పొద్దున అరగంట బాల్కనీలో.

అద్దం వెనక ఎండ కాగితే విటమిన్ డి రాదు, దానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను కిటికీ అద్దం ఆపేస్తుంది. అద్దం తీసినా పొద్దుటి ఎండతో పెద్దగా రాదు. మీ నీడ మీకన్నా పొడుగ్గా ఉంటే ఆ కిరణాలు చాలా తక్కువ.

#18 కుండీలోకం

బాల్కనీ అడిగారు కదా. రెండు మూడు గంటల ఎండకు కాయగూరలు ఆశపడకండి, ఆకుకూరలే. పాలకూర, కొత్తిమీర, లెట్యూస్ చలినే ఇష్టపడతాయి, వేడి పెరిగితే పూతకొచ్చి చేదెక్కుతాయి. వేసవిలో విఫలమైనవాళ్ళు ఇప్పుడు వేసి చూడండి.

15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు తొట్టి చాలు. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నొక్కి రెండుగా విడగొట్టి, రాత్రంతా నానబెట్టి, ఒక సెంటీమీటరు లోతున వేయండి. చలిలో మొలక రావడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఐదో రోజున తవ్వి చూడకండి. పలచగా విత్తండి. గుంపుగా వేస్తే మొదలు దగ్గర గాలాడక కుళ్ళి ఒరిగిపోతాయి.

వంటగట్టు మీదే కావాలంటే ముల్లంగి, ఆవ మొలకలు. మూడు సెంటీమీటర్ల తడి కొబ్బరిపొట్టు, మీద విత్తనం ఒకదాని మీద ఒకటి పడకుండా, పైన ఇంకో ట్రే బోర్లించి చిన్న బరువు. మూడు రోజులు చీకటి, తర్వాత కిటికీ దగ్గర. మొత్తం వారం నుంచి పది రోజులు. మూడో రోజు వేళ్ళ చుట్టూ తెల్లటి నూగు చూసి బూజని పారేస్తారు చాలామంది. నీళ్ళు చిలకరించండి. నూగు వేరుకు అతుక్కుని మాయమైతే అది వేరు నూగే. సాలెగూడులా విత్తనాల మీద అల్లుకుని అలాగే ఉంటే బూజు, ఆ ట్రే పారేయాల్సిందే.

లోపలి మొక్కలకు చలికాలంలో చావు నీళ్ళతోనే. వెలుతురు తగ్గితే మొక్క తాగడం తగ్గుతుంది, మనం మాత్రం వేసవి లెక్కనే పోస్తాం. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి పొడిగా తగిలితేనే పోయండి. స్నేక్ ప్లాంటుకు కుండీ అడుగు దాకా ఎండాలి. ఎరువు ఆపేయండి. ఆకులు రాత్రి చల్లటి అద్దానికి తగలకూడదు, పరదాకూ అద్దానికీ మధ్య చిక్కుకున్న మనీప్లాంటు నల్లబడేది అందుకే. హీటర్ గాలి తగిలే చోట ఎర్రనల్లి పడుతుంది, ఆకు అడుగున సన్నటి గూడు కనిపిస్తే కుళాయి కింద కడగండి.

బరువు కూడా చూసుకోండి. 20 లీటర్ల కుండీ తడి మట్టితో పాతిక కిలోలు దాటుతుంది. రెయిలింగ్‌కు వేలాడదీయకుండా గోడ వారగా నేల మీద పెట్టండి.

#19 ఆంపియర్

గీజర్ గురించి ఒక్క మాట చెప్పి వెళ్తా. 25 లీటర్లు 15 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 1.3 యూనిట్లు, 2 కిలోవాట్లదైతే 40 నిమిషాలు. థర్మోస్టాట్ 60 దగ్గర ఉంచండి. గోరువెచ్చగా 40, 45లో నిలవుంచితే తొట్టిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. 60 డిగ్రీల నీళ్ళు ఒంటిని కాలుస్తాయి, బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేడివి. స్నానం అయ్యాక ఎగ్జాస్ట్ ఇంకో ఇరవై నిమిషాలు, తలుపు మూసే ఉంచి.

#20 తూర్పుకిటికీ

పది రోజుల లెక్క. మీటరును ఉప్పుతో సరిచూశాను. మూతలో తడి ఉప్పు ముద్ద, మీటరుతో కలిపి గాలి చొరని డబ్బాలో 12 గంటలు. 75 చూపించాల్సింది 79 చూపించింది. అంటే మొదట్లో నేను చెప్పిన 72 నిజానికి 68. ఇప్పుడు సవరించాక పొద్దున 56. అద్దం అంచుల్లో మాత్రమే తడి. ఫ్రేము రంధ్రాలు మూడూ పూడిపోయే ఉన్నాయి.

రేకు కాగితం రెండు చోట్ల వేశాను. బీరువా వెనక గదివైపు తడి. బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడ మూల, నేల నుంచి అడుగు ఎత్తులో, గోడవైపు తడి.

#21 గోడనాడి

బీరువా గోడకు మీరు చేస్తున్నదే కొనసాగించండి. రెండోది వేరే కేసు, కిటికీలు ఎన్నిసార్లు తెరిచినా ఆరదు.

రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, మీ ఫ్లాట్‌కు నీటి మీటరు ఉంటే అంకె రాసుకోండి. ఎవరూ నీళ్ళు వాడకుండా పొద్దున మళ్ళీ చూడండి. కమోడ్ ట్యాంకు కారుతుంటే కూడా అంకె కదులుతుంది కాబట్టి దాని వాల్వు కట్టేయండి. అంకె కదిలితే గోడలోని నీళ్ళ పైపు పగిలింది, ప్లంబర్‌ని పిలవండి. కదలకపోతే స్నానం నీళ్ళు టైల్స్ సందుల్లోంచో, నేల జాలీ చుట్టూనో దిగుతున్నాయి. ఆ బాత్‌రూమ్ వాడటం ఐదు రోజులు మాని, మూల మీద పెన్సిల్‌తో తడి అంచు గీసి పెట్టండి. గీత లోపలికి ఆరుతూ వస్తే అదే. అప్పుడు టైల్స్ మధ్య పాత పూత గీకి, పూర్తిగా ఆరనిచ్చి, ఎపాక్సీ పూత పట్టించాలి. పాతదాని మీదే కొత్తది పూస్తే నెల తిరక్కుండా ఊడుతుంది. కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ కూడా ఒకసారి చూడమని అడగండి.

#22 తూర్పుకిటికీ

మీటరు అంకె రాసుకున్నా, 11 గంటలకు. పొద్దున ఇక్కడే పెడతాను.